డీబీఏని (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని) తీసుకునే ముందు ఒక రీస్టోర్ చేయించి చూడాలి

2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్ డాట్ కామ్ డేటాబేస్ మీద స్పామ్ కారణంగా లోడ్ బాగా పెరిగింది. ప్రైమరీ సర్వర్ నుంచి డేటా కాపీ అందుకోవాల్సిన రెండో సర్వర్ వెనకబడి, చివరికి ఆ కాపీ ప్రక్రియ (రెప్లికేషన్) ఆగిపోయింది. దాన్ని మళ్ళీ మొదటి నుంచి నిలబెట్టే పనిలో ఇంజినీర్లు రాత్రి పొద్దుపోయేదాకా ఉండిపోయారు. కాపీ చేసే కమాండ్ ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఊరికే నిలబడిపోతోంది. రెండో సర్వర్‌లో ఉన్న ఖాళీ డేటా ఫోల్డర్ అడ్డుపడుతోందేమో అనుకుని ఒక ఇంజినీర్ దాన్ని తీసేయబోయారు. కమాండ్ కొట్టింది మాత్రం ప్రైమరీ సర్వర్ మీద. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో మిగిలింది 4.5 జీబీ.

అంతకన్నా పెద్ద దెబ్బ బ్యాకప్‌ల దగ్గర తగిలింది. రోజూ బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ (వారు వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 9.2 వెర్షన్‌ది. డేటాబేస్ నడుస్తున్నది 9.6 మీద. ఆ తేడా వల్ల బ్యాకప్ ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే ఈమెయిళ్ళు బయల్దేరుతున్నాయి గానీ, వాటికి డీమార్క్ (మెయిల్ అసలైనదేనని నిర్ధారించే పద్ధతి) అమలు చేయకపోవడంతో అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3లో బ్యాకప్‌లు ఉండాల్సిన చోటు తెరిచి చూస్తే ఖాళీ. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోని డిస్క్ స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి డిస్క్ నకళ్లు) డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేసి లేవు. ఆరు గంటల ముందు వేరే పరీక్ష కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి సంస్థ గట్టెక్కింది. దాని నుంచి సైట్‌ని తిరిగి నిలబెట్టడానికి దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యలోని ఆరు గంటల డేటా పోయింది. అందులో దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు ఉన్నాయి. రికవరీ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించి, తర్వాత కారణాలన్నీ పూసగుచ్చినట్టు ప్రచురించిన ఆ సంస్థ నిజాయితీ మెచ్చుకోదగ్గది.

డీబీఏల ఎంపిక గురించి ఆలోచించేవారు ఈ ఘటనని జాగ్రత్తగా చదవాలి. అక్కడివారికి బ్యాకప్ అంటే ఏమిటో, రెప్లికేషన్ అంటే ఏమిటో తెలియక ఇది జరగలేదు. కాపీ కమాండ్ ఎందుకు మౌనంగా నిలబడుతుందో వారికి తెలియని మాట నిజమే. అది ప్రైమరీ సర్వర్ డేటా పంపడం మొదలుపెట్టేదాకా ఏమీ చెప్పకుండా ఎదురుచూస్తుంది. ఇలాంటి సంగతి ఏ ఇంటర్వ్యూ ప్రశ్నల చిట్టాలోనూ కనిపించదు. మిగిలినవన్నీ అలవాట్లకు సంబంధించినవి. కమాండ్ కొట్టే ముందు ఏ సర్వర్ మీద ఉన్నామో చూసుకోవడం, తీసిన బ్యాకప్‌ని అప్పుడప్పుడూ తిరిగి ఎక్కించి (రీస్టోర్ చేసి) చూడటం, అలర్ట్ మెయిల్ రాకపోతే ఎందుకు రావట్లేదని ఆరా తీయడం. ఉద్యోగంలో డేటాని కాపాడేవి ఇవే. మన దగ్గర సగటు డీబీఏ ఇంటర్వ్యూ వీటిలో ఒక్కదాని జోలికీ పోదు.

ప్రశ్నలు, జవాబులు, అనుభవం

హైదరాబాద్‌లో డీబీఏ ఇంటర్వ్యూ ఎలా సాగుతుందో ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు. ముప్పావు గంట ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో మాట్లాడతారు. ఇన్‌స్టన్స్‌కీ డేటాబేస్‌కీ తేడా చెప్పమంటారు. ఒరాకిల్ మెమరీ భాగమైన ఎస్‌జీఏలో ఏమేం ఉంటాయి, హాట్ బ్యాకప్ అంటే ఏమిటి, ఓఆర్ఏ-01555 ఎర్రర్ ఎందుకు వస్తుంది, క్లస్టర్డ్ ఇండెక్స్ ఒక టేబుల్‌కి ఎన్ని పెట్టొచ్చు అని అడుగుతారు. ఇవన్నీ మంచి ప్రశ్నలే. కానీ జవాబులు ఎన్నో ఏళ్లుగా అందరికీ అందుబాటులో ఉన్నాయి. రెండు వారాలు కూర్చుని చదివితే ప్రొడక్షన్ డేటాబేస్‌ని ఒక్కసారి కూడా చూడనివారు సైతం తడుముకోకుండా చెప్పేస్తారు. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే నిజంగా లేచి పనిచేసేవారు ఒక్కోసారి పేర్లు గుర్తురాక తడబడతారు. వడపోత తిరగబడేది ఇక్కడే.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో ఒరాకిల్ డీబీఏ కోర్సు ఏళ్ల తరబడి నడుస్తోంది. అక్కడ మొదటి పాఠం నేర్చుకుని డల్లాస్‌లో, న్యూజెర్సీలో, బెంగళూరులో పెద్ద డేటాబేస్‌లు చూసుకుంటున్న తెలుగువారున్నారు. కాబట్టి 'అమీర్‌పేట బ్యాచ్' అని తీసిపారేయడం అన్యాయం. అదే మార్కెట్‌లో లేని అనుభవాన్ని రెజ్యూమెలో చూపించడం, ఒకరి బదులు మరొకరు ఇంటర్వ్యూకి కూర్చునే ప్రాక్సీ పద్ధతి కూడా ఉన్నాయి. దీనికి అభ్యర్థులనే తిట్టి ప్రయోజనం లేదు. జవాబులు అప్పగించడమే పరీక్ష అయినప్పుడు, జవాబులు అప్పగించగలిగే ఇంకో మనిషిని కూర్చోబెట్టడం తేలిక. స్క్రీన్ షేర్ చేసి రెండు గంటలపాటు పాడైన సర్వర్‌ని బాగుచేయమంటే, ప్రతి అడుగులోనూ 'ఇది ఎందుకు చేశారు' అని అడుగుతుంటే ప్రాక్సీకి కష్టం. మొదటి రౌండ్‌లో మాట్లాడిన మనిషే చివరి రౌండ్‌కి వచ్చారో లేదో అక్కడే తేలిపోతుంది.

సర్టిఫికెట్ల మాటకొస్తే, ఒరాకిల్‌లో ఓసీపీ స్థాయి పరీక్ష సరైన జవాబు గుర్తించే పద్ధతిలో ఉంటుంది. దానికి 'డంప్స్' (బయటికి పొక్కిన ప్రశ్నలు, జవాబులు) దొరుకుతాయని అందరికీ తెలుసు. పై స్థాయి అయిన ఓసీఎం పరీక్షని మాత్రం ల్యాబ్‌లో కూర్చుని చేతులతో చేయాలి. 11జీ కాలంలో అది రెండు రోజులు సాగేది. రెజ్యూమెలో ఓసీఎం కనిపిస్తే దానికి విలువ ఇవ్వొచ్చు. ఓసీపీ ఒక్కటే ఉంటే అభ్యర్థి సిలబస్ చదివారని మాత్రమే అర్థం.

అనుభవాన్ని ఏళ్లతో కొలవడం మరింత చిక్కు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో సపోర్ట్ పని ఎల్1, ఎల్2, ఎల్3 అని మెట్లుగా ఉంటుంది. ఎల్1లో ఉన్నవారు అలర్ట్ వస్తే ఎస్ఓపీ చూసి అందులో రాసిన అడుగులు వేస్తారు. అది దాటితే టికెట్ పైకి పంపుతారు. ఆరేళ్లు ఆ షిఫ్టుల్లో కష్టపడినా ఒక్క పూర్తి రీస్టోర్ చేసే అవకాశం రాకపోవచ్చు. చిన్న కంపెనీలో ఒంటరిగా డేటాబేస్ చూసుకున్నవారికి రెండేళ్లలోనే అన్నీ ఎదురుకావచ్చు. రెజ్యూమెలో ఇద్దరూ 'బ్యాకప్ అండ్ రికవరీ' అనే రాస్తారు.

ఈ విషయంలో మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు కూడా ఉన్నాయి. ఏ పద్ధతిలో ఎంపిక చేస్తే తర్వాతి పనితీరుతో ఎంత సరిపోలుతుందో 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ లెక్కగట్టారు. పూర్తిగా సరిపోలితే 1, అసలు సంబంధం లేకపోతే 0. వారి లెక్కలో, చేయబోయే పని నమూనానే చేయించి చూసే పరీక్షకు 0.54, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే మార్కుల పద్ధతి ఉన్న ఇంటర్వ్యూకి 0.51 వచ్చింది. ఎన్నేళ్ల అనుభవం అన్న లెక్కకి 0.18 మాత్రమే. 2022లో పాల్ సాకెట్ బృందం పాత లెక్కల్లోని సవరణలు అతిగా ఉన్నాయని చూపించి మళ్ళీ లెక్కించింది. పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ 0.42తో పైకి వచ్చింది. పనికి సంబంధించిన జ్ఞానాన్ని కొలిచే పరీక్షకు 0.40, పని నమూనా పరీక్షకు 0.33 వచ్చాయి. ఏ పద్ధతీ లేని పిచ్చాపాటీ ఇంటర్వ్యూ 0.19 దగ్గర, ఏళ్ల అనుభవం 0.07 దగ్గర ఆగాయి.

ఈ అంకెలని నిజాయితీగా చదివితే చేత్తో చేయించే పరీక్ష ఒక్కటే సర్వరోగ నివారిణి కాదని ఒప్పుకోవాలి. సిద్ధాంత ప్రశ్నలకూ విలువ ఉంది. కానీ మనవాళ్లు ఎక్కువగా నమ్ముకునే రెండూ, అంటే ఏళ్ల అనుభవం, ప్యానెల్‌లో ఉన్నవారికి ఆ క్షణంలో తోచిన ప్రశ్నలు, రెండు లెక్కల్లోనూ వెనకే ఉన్నాయి. పైగా అవి అన్ని ఉద్యోగాలనూ కలిపి తీసిన సగటులు. ఒక్క తప్పు కమాండ్‌తో ఏళ్ల డేటా పోయే ఉద్యోగంలో చేయి ఎలా కదులుతుందో చూడకుండా తాళాలు అప్పగించడం సరికాదు.

చేత్తో చేయించే పరీక్ష ఎలా ఉండాలి

దీనికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. ఒక వర్చువల్ మెషీన్, దాంట్లో సంస్థ వాడే డేటాబేస్, నకిలీ డేటా చాలు. పోస్ట్‌గ్రెస్ అయితే దానితోపాటే వచ్చే పీజీబెంచ్ పనికొస్తుంది. స్కేల్ 100 ఇస్తే ప్రధాన టేబుల్‌లో కోటి వరసలు తయారవుతాయి. కస్టమర్ల అసలు డేటాని పరీక్షకు వాడకూడదు. పేర్లు మార్చినా సరే.

అన్నిటికన్నా ముఖ్యమైనది రీస్టోర్ పరీక్ష. అభ్యర్థికి ఒక ఫుల్ బ్యాకప్, దాని తర్వాతి వాల్ ఫైళ్ల (ప్రతి మార్పునీ నమోదు చేసే ఫైళ్ల) ఆర్కైవ్ ఇవ్వాలి. వాటితో పాటు ఒక టికెట్: 'మధ్యాహ్నం 3:10 ప్రాంతంలో ఎవరో వేర్ క్లాజ్ (ఏ వరసలు మార్చాలో చెప్పే షరతు) లేకుండా అప్‌డేట్ కొట్టారు. అందరి బ్యాలెన్స్ ఒకటే అయిపోయింది. పాత విలువలు కావాలి.' ఇంతే. ఇక కూర్చుని చూడాలి.

మొదట గమనించాల్సింది, చేయి కీబోర్డు మీదికి వెళ్లేముందు నోట్లోంచి వచ్చే ప్రశ్నలు. 3:10 తర్వాత కూడా అప్లికేషన్ నడుస్తూనే ఉందా? అప్పటి నుంచి వచ్చిన కొత్త లావాదేవీలు ఉంచాలా, వదిలేయొచ్చా? ఒక్క టేబుల్ చాలా, మొత్తం డేటాబేస్ వెనక్కి తేవాలా? నిర్ణయం తీసుకునే అధికారం ఎవరిది? ఇవి అడిగినవారు ఇలాంటి పరిస్థితిని ఎప్పుడో నిజంగా ఎదుర్కొన్నారనుకోవచ్చు. అడగకుండా నడుస్తున్న డేటాబేస్ మీదే పాత బ్యాకప్‌ని ఎక్కించడం మొదలుపెట్టినవారు, తప్పు అప్‌డేట్ వల్ల జరిగిన నష్టానికి ఇంకో నష్టం కలుపుతారు. సరైన పద్ధతి వేరే చోట రీస్టోర్ చేసి, కావలసిన వరసలని అక్కడి నుంచి తెచ్చుకోవడం.

ఈ పరీక్షలో ఒక చిన్న మెలిక పెట్టొచ్చు. సర్వర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, టికెట్ రాసినవారు భారత కాలమానంలో రాశారు. ఆర్కైవ్‌లో రాత్రి పొద్దుపోయేదాకా వాల్ ఫైళ్లు ఉన్నప్పుడు 15:10 అని అలాగే ఇస్తే డేటాబేస్ దాన్ని మనకి రాత్రి 8:40గా తీసుకుంటుంది. అంటే తప్పు అప్‌డేట్‌తో సహా అన్నీ తిరిగొచ్చేస్తాయి. 9:40కి కాస్త ముందు సమయం ఇవ్వాలి, లేదా టైమ్ జోన్ కలిపి రాయాలి. విదేశీ క్లయింట్ల డేటాబేస్‌లు చూసే మన ఇంజినీర్లకి ఇది రోజువారీ వ్యవహారం. దీన్ని ముందే పట్టుకున్నవారికి మంచి మార్కులు వేయాలి. ఒకసారి తప్పి, 'రికవరీ ఎందుకు దాటిపోయింది' అని లాగ్ చూసి తామే కనిపెట్టి మళ్ళీ చేసినవారికి అంతకు తక్కువేమీ వేయక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ అడిగిన సమయానికి చేరాక మామూలుగా అక్కడే ఆగి, డేటాని చదివి చూసుకునే వీలిస్తుంది. ఆ ఆగిన చోట విలువలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాకే డేటాబేస్‌ని పూర్తిగా తెరిచేవారు, చూడకుండా తెరిచేసేవారు రెండు రకాలుగా విడిపోతారు.

ఒరాకిల్‌లో ఇదే సమస్య ఇస్తే అనుభవజ్ఞులు బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్ దాకా వెళ్లకుండా ముందు ఫ్లాష్‌బ్యాక్ క్వెరీ ప్రయత్నిస్తారు. అన్‌డూలో పాత విలువలు ఇంకా ఉంటే, 3:09 నాటికి టేబుల్ ఎలా ఉందో ఒక్క సెలెక్ట్‌తో తెలుస్తుంది. ఆలస్యమై అన్‌డూ తుడిచిపెట్టుకుపోతే ఓఆర్ఏ-01555 వస్తుంది. ఇంటర్వ్యూలో నిర్వచనం అడిగే ఆ ఎర్రర్ నెంబర్‌కి అసలు సందర్భం ఇలాంటిదే. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లు రీస్టోర్ మొదలుపెట్టే ముందు టెయిల్ లాగ్ బ్యాకప్ తీస్తారా లేదా అన్నది చూడాలి. తీయకుండా పైన ఎక్కించేస్తే చివరి బ్యాకప్ తర్వాతి లావాదేవీలు పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో మార్పులు నమోదయ్యే బిన్‌లాగ్‌ని తప్పు అప్‌డేట్ దగ్గర ఆపి నడిపించాలి.

రెండో పరీక్ష డిస్క్ నిండిపోవడం. ఇది డీబీఏలకి బాగా తెలిసిన టెన్షన్. పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని సృష్టించడం సులువు. ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ (మరో సర్వర్ ఎంతవరకు డేటా అందుకుందో గుర్తుపెట్టుకునేది) ఒకటి వదిలేస్తే, ఆ స్లాట్ కోసం సర్వర్ వాల్ ఫైళ్లని దాచుకుంటూ పోతుంది, డిస్క్ నిండుతుంది. ఇక్కడ కొందరు చేసే ఘోరమైన పని, వాల్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లు చేత్తో తీసేయడం. అవి పాత లాగ్‌లు అనుకుంటారు. ఒకప్పుడు ఆ ఫోల్డర్ పేరు పీజీ ఎక్స్‌లాగ్. 'లాగ్' అన్న మాట చూసి అనవసరమైనవి అనుకుని తీసేసి డేటాబేస్‌లు పోగొట్టుకున్నవారు ఉండటంతో, 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10లో ఆ పేరునే మార్చేశారు. ఒక సాఫ్ట్‌వేర్ ఈ కారణంగా ఫోల్డర్ పేరు మార్చుకుందంటే ఆ పొరపాటు ఎంత మామూలుదో ఊహించుకోవచ్చు. మంచి అభ్యర్థి ముందు ఏది నిండింది, ఎందుకు నిండింది అని చూసి, స్లాట్‌ని పట్టుకుని, దాన్ని వాడే సర్వర్ నిజంగా లేదని అడిగి తెలుసుకుని, అప్పుడు తొలగిస్తారు. ఇలా మళ్ళీ జరగకుండా పరిమితి పెట్టే సెట్టింగ్ పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉందని కూడా చెప్తే అది అదనం. ఒరాకిల్‌లో దీనికి సమానమైనది ఆర్కైవ్ లాగ్‌లతో రికవరీ ఏరియా నిండి ఓఆర్ఏ-00257 రావడం. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఫైళ్లు తీసేస్తే ఆ సంగతి ఆర్‌మ్యాన్‌కి తెలియదు, స్టాండ్‌బైకి (సిద్ధంగా ఉంచే రెండో సర్వర్‌కి) ఇంకా చేరని ఫైళ్లు కూడా పోవచ్చు.

మూడోది 'అప్లికేషన్ హ్యాంగ్ అయింది' అనే ఫిర్యాదు. ఒక సెషన్ ట్రాన్సాక్షన్ తెరిచి అలాగే వదిలేసింది. దాని వెనక ఆల్టర్ టేబుల్ ఒకటి పూర్తి లాక్ కోసం ఎదురుచూస్తోంది. ఆ ఆల్టర్ వెనక మామూలు సెలెక్ట్‌లన్నీ వరస కట్టాయి. సీపీయూ ఖాళీగా ఉంటుంది, డిస్క్ ఖాళీగా ఉంటుంది, అయినా ఏదీ కదలదు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే సమస్య పోతుంది, కారణం కూడా దానితోనే పోయి రేపు మళ్ళీ వస్తుంది. ఎవరు ఎవర్ని ఆపుతున్నారో చూసి, ఆ పరిస్థితిని ఒక ఫైల్‌లోకి కాపీ చేసుకుని, అప్పుడు సరైన ఒక్క సెషన్‌ని ముగించేవారు కావాలి. ట్యూనింగ్ గురించి, ఎగ్జిక్యూషన్ ప్లాన్‌ల గురించి ప్యానెల్‌లు ఎక్కువసేపు అడుగుతుంటాయి. అవి కావాలి గానీ, నెమ్మదైన క్వెరీని రేపు సరిచేసుకోవచ్చు, పోయిన డేటాని రేపు తెచ్చుకోలేం. సమయం తక్కువ ఉంటే ట్యూనింగ్ పరీక్షని వదిలేయొచ్చు, రీస్టోర్‌ని వదలకూడదు.

మార్కులు వేసే తీరు

పరీక్ష బాగా తయారుచేసి, మార్కులు మాత్రం 'కుర్రాడు బాగానే ఉన్నాడు' అన్న ఊహతో వేస్తే శ్రమంతా వృథా. ఏ అడుగుకి ఎన్ని మార్కులు, ఏ పని చేస్తే నేరుగా అనర్హత అన్నది అభ్యర్థి రాకముందే రాసుకోవాలి. ఇద్దరు చూసేవారుంటే విడివిడిగా వేసి తర్వాత పోల్చుకోవాలి. డాక్యుమెంటేషన్ చూడటాన్ని తప్పుపట్టకూడదు. నిజమైన పనిలో అందరూ చూస్తారు, చూడకుండా గుర్తున్నంతవరకే కొట్టేవారే ప్రమాదం. ఏఐ చాట్‌బాట్ వాడనివ్వాలా అన్నది ఇప్పుడు పెద్ద చర్చ. ఉద్యోగంలో వాడనిచ్చే సంస్థ పరీక్షలో ఆపడంలో అర్థం లేదు. చాట్‌బాట్ ఇచ్చిన కమాండ్‌ని చదివి, టెస్ట్ కాపీ మీద ప్రయత్నించి, అప్పుడు వాడుతున్నారా, లేక నేరుగా అతికించేస్తున్నారా అన్నది చూస్తే సరిపోతుంది.

ఆఖరున ఒక పావుగంట కేటాయించి, జరిగినదాన్ని టెక్నికల్ కాని మేనేజర్‌కి అర్థమయ్యేలా ఐదారు వాక్యాల్లో రాయమనాలి. ఏమైంది, ఎంత డేటా ప్రభావితమైంది, ఇప్పుడు పరిస్థితి ఏమిటి, ఇంకా తేలనిది ఏమిటి. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఫర్వాలేదు, వ్యాకరణానికి మార్కులు తగ్గించాల్సిన పనీ లేదు. తాము చేసిన పొరపాటుని కూడా దాచకుండా రాసినవారిని వదులుకోవద్దు. తప్పు బయటపెట్టడానికి భయపడే డీబీఏ ఉన్నచోట చిన్న ప్రమాదం పెద్దదయ్యాకే బయటపడుతుంది. గిట్‌ల్యాబ్ ఆ తర్వాత చేయాలనుకున్న పనుల్లో ఒకటి, ఏ సర్వర్ మీద ఉన్నామో టెర్మినల్‌లోనే స్పష్టంగా తెలిసేలా మార్చడం. తప్పు ఎలా జరిగిందో మనుషులు నిర్భయంగా చెప్పినప్పుడే అలాంటి దిద్దుబాట్లు తడతాయి.

సీనియర్ పోస్టులకి ఇంకో రకమైన ప్రశ్న కావాలి, ఒకే సరైన జవాబు లేనిది. 2018 అక్టోబర్ 21న కోడ్ దాచుకునే మరో సైట్ గిట్‌హబ్‌లో 43 సెకన్లపాటు అమెరికా తూర్పు తీరంలోని ప్రధాన డేటా సెంటర్‌కి నెట్‌వర్క్ సంబంధం తెగింది. ఆ కాస్త సమయంలోనే ఆటోమేటిక్ ఫెయిలోవర్ మైఎస్‌క్యూఎల్ ప్రైమరీలని పడమటి తీరానికి మార్చేసింది. తూర్పున రాసిన కొన్ని మార్పులు పడమటికి చేరలేదు. పడమట కొత్త మార్పులు పడుతూనే ఉన్నాయి. రెండు చోట్లా ఒకదానిలో లేని డేటా మరోదానిలో ఉంది. సైట్‌ని త్వరగా మామూలు స్థితికి తెచ్చి కొంత డేటా వదులుకోవడమా, డేటాని కాపాడుకుంటూ గంటల తరబడి కుంటుతూ నడవడమా? వారు రెండోది ఎంచుకున్నారు. సేవలు పూర్తిగా కుదుటపడేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఈ పరిస్థితిని అభ్యర్థి ముందు పెట్టి 'మీరైతే ఏం చేస్తారు, ఎవర్ని అడుగుతారు' అంటే అరగంట మాటల్లో చాలా తెలుస్తుంది. బ్యాంకుకి ఒక జవాబు, వార్తల సైట్‌కి ఇంకో జవాబు సరైనది కావచ్చని గుర్తించేవారు సీనియర్లు.

సంస్థ కూడా సిద్ధపడాలి

చాలా సంస్థలు డీబీఏ కావాలని ప్రకటన ఇస్తాయి గానీ, తమకి ఎంత డేటా నష్టం భరించదగ్గదో, ఎంతసేపు సర్వీస్ ఆగినా ఫర్వాలేదో ఎప్పుడూ తేల్చుకోవు. వరసగా ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అని వీటికి పేర్లున్నాయి. ఈ రెండు అంకెలు చెప్పలేని సంస్థకి ఎలాంటి డీబీఏ కావాలో కూడా తెలియదు. పదిహేను నిమిషాల నష్టం కూడా కుదరదంటే రెప్లికేషన్, లాగ్ ఆర్కైవింగ్‌ల మీద పట్టు ఉన్నవారు కావాలి. ఒక రోజు పాత డేటా అయినా చాలనుకునే చిన్న వ్యాపారానికి అంత జీతం పెట్టి అంత నిపుణుణ్ణి తేవడం అనవసరం. ఇంకో పొరపాటు ప్రకటనలోనే జరుగుతుంది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, మాంగోడీబీ అన్నీ వచ్చినవారు కావాలని రాస్తారు. అన్నీ సమానంగా వచ్చినవారు అరుదు. ఆ ప్రకటన చూసి నిజం చెప్పేవారు వెనక్కి తగ్గుతారు, అన్నీ వచ్చని రాసుకునేవారు ముందుకొస్తారు.

క్లౌడ్ వచ్చాక డీబీఏ అక్కర్లేదనే మాట కూడా వినిపిస్తోంది. అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఉంటాయి, నిజమే. వాటిని గరిష్ఠంగా 35 రోజులే ఉంచుకోవచ్చు. పాత సమయానికి వెళ్లమంటే అది ఉన్న డేటాబేస్‌ని వెనక్కి తిప్పదు, కొత్త ఇన్‌స్టన్స్ తయారుచేస్తుంది. దాని అడ్రస్ వేరుగా ఉంటుంది కాబట్టి అప్లికేషన్‌ని అటు మళ్ళించాలి. డేటా ఎస్3 నుంచి అవసరమైనప్పుడు నెమ్మదిగా వస్తుంది కాబట్టి కొత్త ఇన్‌స్టన్స్ మొదట్లో మందకొడిగా ఉంటుంది. క్లౌడ్ డీబీఏకి పరీక్ష కూడా రీస్టోర్‌తోనే పెట్టాలి, ఈ సంగతులు ముందే చెప్పి, అప్లికేషన్ టీమ్‌ని సిద్ధం చేస్తారా అని చూడాలి.

అభ్యర్థి సమయాన్ని గౌరవించడం కూడా ఇందులో భాగం. రెండు గంటల పరీక్ష సబబే. వారాంతమంతా ఇంట్లో కూర్చుని చేయాల్సిన 'అసైన్‌మెంట్' ఇవ్వడం, అదీ సంస్థ సొంత సమస్యని ఉచితంగా తీర్పించుకోవడం తప్పు. పిల్లల్ని చూసుకుంటూ ఉద్యోగం చేసే ఆడవాళ్లు, రాత్రి షిఫ్టుల్లో ఉన్నవారు దానివల్ల బయటికి పోతారు. వాళ్లలో మంచి డీబీఏలు తక్కువేమీ లేరు.

ఫ్రెషర్ల విషయానికొస్తే, చేత్తో చేసే పరీక్ష వారికి మేలే చేస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పెట్టుకుని, కావాలని దాన్ని పాడుచేసి, బ్యాకప్ నుంచి తెచ్చుకోవడం సాధన చేసిన ఇంజినీరింగ్ విద్యార్థి, దొంగ అనుభవం చూపించినవారిని ఈ పరీక్షలో సులభంగా దాటేయగలరు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఉచితం. ఖర్చయ్యేది ఓపిక మాత్రమే. కరీంనగర్‌లో ఉన్నా కర్నూలులో ఉన్నా ఇది సాధ్యమే.

ఎంపిక అయ్యాక కూడా మొదటిరోజే పూర్తి అధికారాలు ఇచ్చేయనక్కర్లేదు. మొదటి కొన్ని వారాలు ప్రొడక్షన్ మీద చదివే అనుమతి మాత్రమే ఇచ్చి, మార్పులన్నీ పాత డీబీఏ పక్కన కూర్చుని చేయించడం మంచిది. ఆ వారాల్లోనే సంస్థ అసలు బ్యాకప్ ఒకదాన్ని, ప్రొడక్షన్ అంత కట్టుదిట్టంగా ఉన్న వేరే సర్వర్ మీద పూర్తిగా రీస్టోర్ చేయించి, మొదలుపెట్టినప్పటి నుంచి అప్లికేషన్ కనెక్ట్ అయ్యేదాకా ఎంతసేపు పట్టిందో రాయించుకోవాలి. ఆ సమయం ఒప్పుకున్న ఆర్‌టీఓ కన్నా ఎక్కువ వస్తే, ఇంకో డీబీఏ కోసం ప్రకటన ఇచ్చేముందు వేగమైన డిస్క్‌లకో, స్టాండ్‌బై సర్వర్‌కో డబ్బు కేటాయించాల్సి ఉంటుంది.